పట్టాలు ఎత్తుతారట

ఫిబ్రవరి 3

నాన్నకు,

ఆఫీసులో కూర్చునే రాస్తున్నాను కాబట్టి ఉత్తరం పొట్టిగా ఉంటుంది, ఏమీ అనుకోకు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నా నడుం నొప్పి తగ్గింది. ఫోన్ చేద్దామంటే నీకు వినబడదు, పక్కవాళ్ళతో చెప్పిద్దామంటే ఒకటి చెబితే ఇంకొకటి చెబుతారు. అందుకని ఉత్తరమే నయం.

నేను రెండేళ్ళ కింద మారిన సెక్షన్‌లో మూసేసిన లైన్ల ఫైళ్ళు చూస్తారని చెప్పాను కదా. మొన్న మన స్టేషన్ ఫైలు తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చింది. లైన్ క్లియర్ చేయడానికి పైనుంచి అనుమతి వచ్చేసింది నాన్నా. వచ్చే నెలలో పని మొదలవుతుంది. నీకు నోటీసు ముందే అంది ఉంటుందని మా సూపరింటెండెంటు అన్నారు. అందినా అందకపోయినా నా నోట వినడం మంచిదని రాస్తున్నాను. నీకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కూర్చుని నిమ్మళంగా చదువు.

ఇంకో సంగతి. ఫైలు పూర్తి కావాలంటే అందులో స్టేషన్ చరిత్ర అని ఒక కాగితం ఉండాలట. ఎప్పుడు కట్టారు, ఎందుకు కట్టారు, ఏమేం జరిగాయి అని. మన ఫైల్లో ఆ చోట తెల్లకాగితం ఉంది. అక్కడ పుట్టిపెరిగిన పిల్లవి, నువ్వే రాయించుకురా అని ఆయన నాకే అంటగట్టారు. నీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? రెండు పేజీలు చాలు. గుర్తున్నంత వరకు రాసి పంపు.

వేళకి తిను.

నీ అమ్మడు

*

ఫిబ్రవరి 8

మా అమ్మడికి, పచ్చజెండా చంకలో పెట్టుకుని మీ నాన్న రాస్తున్న ఉత్తరం.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. కూర్చుని చదవమన్నావు. నిలబడే చదివాను. చదివాకే కూర్చున్నాను. కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని టీకొట్టు చెల్లెమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, ఆవిణ్ణి నా కుడిచెవి వైపు కూర్చోబెట్టుకుని చదివించాను. ఆవిడ కూడబలుక్కుని చదువుతుంది కాబట్టి ఆ మాట నెమ్మదిగా, ముక్కముక్కగా నా చెవిలో పడింది. లైన్. క్లియర్. ఎంత చల్లని కబురు చెప్పావు తల్లీ. నీ నోట్లో పంచదార పోయాలి.

నోటీసేదో అందిందా అన్నావు. ఏ నోటీసూ రాలేదు. నీ ఉత్తరమే నాకు నోటీసు.

నీకు తెలియనిది కాదు, అయినా చరిత్ర రాయమన్నావు కాబట్టి మొదట ఈ మాట దగ్గరే మొదలుపెడతాను. పక్క స్టేషన్ మాస్టరు గంట కొట్టి లైన్ క్లియరా అని అడుగుతాడు. మన మాస్టరు నా మొహం చూస్తాడు. నేను బయటికెళ్ళి బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్ళించే పాయింట్లు సరిగ్గా పడ్డాయా, పట్టాల మీద మేకా మనిషీ ఏదైనా ఉందా అని చూసి తల ఊపుతాను. అప్పుడు మాస్టరు ఇస్తాడు లైన్ క్లియర్. ఆ మాట పడితేనే అక్కడ బండి కదులుతుంది. ముప్ఫై నాలుగేళ్ళు పాయింట్స్‌మన్‌గా తల ఊపాను. పదకొండేళ్ళుగా అడిగిన నాథుడు లేడు. ఇప్పుడు పెద్ద ఆఫీసు వాళ్ళే అడగకుండా ఇచ్చారంటే మన స్టేషన్ అదృష్టం చూడు.

ఇక చరిత్ర. ఊరికి రెండు మైళ్ళ దూరంలో, పొలాల మధ్య స్టేషన్ ఎందుకు కట్టారని అందరూ అడుగుతారు. ఊరి కోసం కట్టలేదు. నీళ్ళ కోసం కట్టారు. అప్పట్లో ఆవిరి ఇంజన్లు. వాటికి మంచినీళ్ళు కావాలి, ఉప్పునీళ్ళు పోస్తే లోపల ఉప్పు గట్టిపడి ఇంజన్లు పాడవుతాయి. ఈ చుట్టుపక్కల ముప్ఫై మైళ్ళలో తియ్యటి నీళ్ళు పడింది మన బావిలోనే. అందుకని బావి పక్కన ట్యాంకు కట్టారు, ట్యాంకు పక్కన స్టేషన్ కట్టారు. ఇంజను తాగడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో జనం దిగడం నేర్చారు, ఎక్కడం నేర్చారు. అలా ఊరు స్టేషన్ దగ్గరికి వచ్చింది. ఇది మా నాన్న నాకు చెప్పింది. ఆయన ఆ ట్యాంకుకు నీళ్ళు తోడిన మనిషి. అంటే మీ తాత నీళ్ళు తోడాడు, నేను పాయింట్లు తిప్పాను, నువ్వు ఫైలు తిప్పుతున్నావు. మూడు తరాలు ఒకే బండికి చాకిరీ చేశాం.

బోర్డు సంగతి కూడా రాయాలి. బోర్డు రాసిన పెయింటరు ఊరి పేరులో ఒక అక్షరం మింగేశాడు. మాస్టరు పై ఆఫీసుకి రాస్తే, టిక్కెట్లు కూడా అలాగే అచ్చయ్యాయి, ఇప్పుడు మార్చలేం అని జవాబొచ్చింది. చేసేది లేక ఊరివాళ్ళే తమ ఊరి పేరు మార్చుకున్నారు. ఇప్పుడు బళ్ళో పిల్లలకు కూడా ఆ అక్షరం లేకుండానే నేర్పుతున్నారు. దీన్ని పెయింటరు తప్పు అని రాయకు, పాపం పోయినవాడు.

ఇంకా చాలా ఉంది, కాగితం అయిపోతోంది. చెల్లెమ్మకి చెప్పాను కాబట్టి ఊరందరికీ చెప్పినట్టే. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా. తోడు లేదని ఈ నెలాఖరుకి కొట్టు మూసి పట్నంలో వాళ్ళ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలనుకుంది. అక్కడ వెనక గది ఖాళీ చేసి పెట్టారట. నేను ఒకటే అన్నాను. "బండి వస్తుంటే కొట్టు మూసేవాళ్ళుంటారా చెల్లెమ్మా?" ఆవిడ ఆలోచనలో పడింది.

వచ్చేది ఏ బండో రాయి. ప్యాసింజరా, గూడ్సుతో కలిపినదా? పొద్దుటి పూటదైతే మరీ మంచిది.

ఆనందం పట్టలేని మీ నాన్న

*

ఫిబ్రవరి 13

నాన్నకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ మాట వింటూ పెరిగినదాన్ని, నా చేత్తో నేనే అలా ఎలా రాశానో తెలియడం లేదు. రెండేళ్ళుగా ఈ సెక్షన్‌లో అందరూ రోజూ అనే మాట అది. అలవాటైపోయింది.

నువ్వనుకున్న లైన్ క్లియర్ కాదు నాన్నా ఇది. మా దగ్గర క్లియర్ అంటే లైను ఖాళీ చేయడం. మన స్టేషన్ నుంచి చివరి స్టేషన్ దాకా, ఆ తర్వాత జంక్షన్ దాకా మొత్తం పట్టాలు ఎత్తుతారు. కాంట్రాక్టరు కూడా కుదిరాడు. అతని మనుషులు ఈ వారంలో కొలతలకి వస్తారు. నువ్వు కంగారుపడకూడదని ముందే రాస్తున్నాను.

నేనే వచ్చి పక్కన కూర్చుని చెప్పాల్సిన సంగతి. మార్చి నెలాఖరు దాకా ఎవరికీ సెలవు లేదంటున్నారు. మీ అల్లుడు కూడా ఊళ్ళో లేరు.

టీకొట్టు అత్తకి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆవిడ ప్రయాణం ఆపుకోవద్దని చెప్పు. ఇది మరిచిపోకు.

అక్షరం మింగిన పెయింటరు కథ మా సూపరింటెండెంటుకి చెప్పాను. ఆయన ఎప్పుడూ నవ్వని మనిషి, నవ్వారు. మిగతా చరిత్ర రాయి, కానీ నీకు ఓపిక ఉంటేనే.

నీ అమ్మడు

*

ఫిబ్రవరి 18

పిచ్చితల్లికి, పాయింట్ల దగ్గర బురదకాళ్ళతో కూర్చుని నాన్న రాస్తున్నది.

నువ్వు రైల్వే ఆఫీసులో పనిచేస్తున్నావు గాని పట్టాల మీద పనిచేయలేదని ఈ ఉత్తరంతో తెలిసిపోయింది. లైను ఖాళీ చేయకుండా క్లియర్ ఎవరిస్తారే? నేను తల ఊపేది అది చూసే కదా. పదకొండేళ్ళలో ముళ్ళకంప మనిషి ఎత్తు లేచింది. బళ్ళు పక్కకు నిలిపే లూప్ లైనులో ఎవరో కట్టెలు పేర్చుకున్నారు. నీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాటి నుంచే కొడవలి పట్టుకుని దిగాను. ప్లాట్‌ఫాం ఎదుట నూరు గజాలు శుభ్రమయింది. కట్టెలవాళ్ళకి కూడా ఖాళీ చేయమని చెప్పాను.

పట్టాలు ఎత్తుతారు, కంగారుపడకు అంటావా? ఎత్తకపోతేనే నేను కంగారుపడాలి. పట్టాలు ఎత్తడమంటే ఏమిటో మన గ్యాంగువాళ్ళని అడిగితే చెబుతారు. కంకర కుంగిపోతుంది, పట్టా ఒకవైపు దిగిపోతుంది. అప్పుడు జాకీలు పెట్టి ఎత్తి, కింద కంకర దట్టించి కూర్చోబెడతారు. ప్రతి ఏడూ వానలు వెలిశాక ఎత్తేవాళ్ళు. ఎత్తిన లైను మీద బండి పోతుంటే గ్లాసులో నీళ్ళు తొణకవు. చివరి స్టేషన్ నుంచి జంక్షన్ దాకా మొత్తం ఎత్తుతున్నారంటే ఎంత పెద్ద మనసుతో పని చేస్తున్నారో చూడు. నేను రెండు ఫర్లాంగులు ఎత్తితే చాలనుకున్నాను.

కాంట్రాక్టరు మనుషులు నిన్న వచ్చారు. నలుగురు. టేపు పట్టి కొలిచారు. ప్రతి పట్టా మీదా తెల్లరంగుతో నంబరు వేశారు. ఎంత పద్ధతి అనుకున్నావు. మా కాలంలో నంబర్లు ఎవరు వేశారు, కాలితో తన్ని చూసి బాగుందనేవాళ్ళం. వాళ్ళలో మేస్త్రిని, ఎన్నాళ్ళ పని బాబూ అని అడిగాను. రెండు నెలల్లో పూర్తయిపోతుంది తాతా అన్నాడు. ఎడమచెవి వైపు నిలబడ్డాడు గనుక ఇంకా ఏమో అన్నాడు గాని నాకు చేరలేదు. మంచి కుర్రాడు.

నువ్వు చెప్పినట్టే చెల్లెమ్మకి ఉత్తరం చదివి వినిపించాను. నా పక్కన కూర్చుని అంతా విని, "పట్టాలు ఎత్తడం కూడా మొదలవుతుంటే నన్ను ప్రయాణం ఆపుకోవద్దంటుందేమిటి నీ కూతురు, నేను పోతే ప్యాసింజర్లకి టీ తనొచ్చి పోస్తుందా?" అని నీ మీద గుర్రుమంది. వాళ్ళ చెల్లెలికి రానని కబురు పెట్టేసింది. గోడకు సున్నం కొట్టింది. మూడు డజన్ల గ్లాసులు దింపి తోమింది. ఆవిడ మొహంలో అంత వెలుగు చూసి ఎన్నేళ్ళయిందో.

చరిత్రలో ఇది కూడా రాసుకో. పొడుగు మాస్టారు ఉన్న రోజుల్లో ఒక మేక మన ఎర్రజెండా తినేసింది. కర్ర మాత్రం మిగిల్చింది. ఎర్రజెండా లేకుండా స్టేషన్ నడపకూడదు. మాస్టారు పై ఆఫీసుకి రాశారు, జెండాను మేక తినినది, కొత్తది ఇప్పించగలరు అని. వాళ్ళు జవాబు రాశారు, పాతది వాపసు పంపితేగాని కొత్తది ఇవ్వబడదు. మాస్టారు మళ్ళీ రాశారు, పాతది మేక కడుపులో ఉన్నది. మేకను పంపమని రాస్తారేమోనని మేక యజమాని వారం రోజులు దాన్ని ఇంట్లో దాచాడు. చివరికి మీ అమ్మ తన పాత ఎర్రచీర చింపి కుట్టి ఇచ్చింది. ఆ జెండాతోనే తొమ్మిదేళ్ళు బళ్ళు ఆపాం.

తర్వాత డీజిలు ఇంజన్లు వచ్చాయి. వాటికి మన నీళ్ళు అక్కర్లేదు. ఇరవై నిమిషాలు ఆగేవి రెండు నిమిషాలు ఆగాయి. నాలుగు బళ్ళు రెండయ్యాయి, రెండు ఒకటయింది. ఆఖరి బండి ఏ రోజు వెళ్ళిందో చరిత్రలో రాయాలి గాని నాకు తేదీ తెలియదు. ఆరోజు అది ఆఖరిదని ఎవరూ చెప్పలేదు. సాయంత్రం వెళ్ళింది, పొద్దున రాలేదు. తెలిసుంటే సరిగ్గా చూసేవాణ్ణి. ఏదో ఆలోచిస్తూ జెండా ఊపి లోపలికి వచ్చేశాను.

పోనీలే. ఇప్పుడు రాబోయేదాన్ని బాగా చూస్తాను.

మీ నాన్న, కొడవలితో సహా

*

ఫిబ్రవరి 24

నాన్నకు,

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. నీ దస్తూరీ ఎంత బాగుందో తెలుసా? అమ్మ పోయాక నువ్వు రాసే ఉత్తరాలు నాలుగు ముక్కలు దాటేవి కావు. ఇప్పుడు కాగితం అంచుల దాకా రాస్తున్నావు.

దీంతోపాటు ఒక ఫారం పెట్టాను. క్వార్టరు ఖాళీ చేస్తున్నట్టు నువ్వు సంతకం పెట్టాలి. నేను ఇంటూ గుర్తు పెట్టిన చోట పెట్టు. ఫారం ఇంగ్లీషులో ఉంది, ఎవరిచేతనైనా మొత్తం చదివించుకుని తర్వాతే సంతకం పెట్టు. మొత్తం చదివించుకో నాన్నా, అందులో అన్నీ ఉన్నాయి. మార్చి 31 లోపల ఖాళీ చేయాలి. ఆ తర్వాత ఆ క్వార్టరు నీది కాదు.

మా దగ్గరికి వచ్చేయి. ముందు గదిలో నీ మంచం పడుతుంది, కొలిచి చూశాను. బస్సుల చప్పుడు తప్ప ఏ ఇబ్బందీ లేదు.

టీకొట్టు అత్త చెల్లెలి ఇంట్లో ఆ వెనక గది ఇంకా ఖాళీగా ఉందేమో కనుక్కో. దయచేసి కనుక్కో.

నీ అమ్మడు

*

మార్చి 1

అమ్మడికి, సామాను మూటలు కట్టి వాటి మీద కూర్చుని నాన్న రాస్తున్న ఉత్తరం.

సంతకం పెట్టాను. ఇంటూ గుర్తు దగ్గర ఒకటి, పక్కన ఖాళీ ఉంటే అక్కడ ఇంకొకటి. రైల్వే కాగితానికి రెండు సంతకాలుంటే బలం. చదివించుకోమన్నావు గాని ఇక్కడ ఇంగ్లీషు వచ్చినవాడు పోస్టుమాన్ ఒక్కడే. వాడు పైన రెండు లైన్లు చదివి, క్వార్టరు ఖాళీ చేయాలట తాతా అన్నాడు. అది నా కూతురు ముందే రాసిందిగా అని కాగితం లాక్కున్నాను.

నువ్వు బాధపడుతూ రాసినట్టున్నావు. ఎందుకే? క్వార్టరు ఎవరిది? స్టేషన్‌ది. స్టేషన్ తెరిస్తే మాస్టరుగారు వస్తారు. మాస్టరుగారు పెళ్ళాంబిడ్డలతో వచ్చి చెట్టు కింద ఉంటారా? రిటైరైనవాణ్ణి ఇన్నేళ్ళు ఎవరూ పొమ్మనలేదంటే పట్టించుకోక గాని, నా హక్కని కాదు. ఖాళీ చేయమన్న కాగితం చూడగానే నాకు మిగిలిన ఆ కాస్త అనుమానం కూడా పోయింది. అవును, అనుమానం కొంచెం ఉండేది. నీకు చెప్పలేదు.

వంటగది గోడలు కడిగాను. నీ ఎత్తు కొలిచి గీసిన గీతలు చెరపలేదు, మాస్టరుగారి పిల్లలు కింద వాళ్ళవి గీసుకుంటారు. వెనకతలుపు గడియ బిగించాను. ప్లాట్‌ఫాం చివర బల్లకు కాలు విరిగితే వడ్రంగి వచ్చి కొత్తది వేసి వెళ్ళాడు. ఇస్తానన్నా ఏమీ పుచ్చుకోలేదు. బండెక్కి నా కూతుర్ని చూసొస్తాను, అదే చాలు అన్నాడు. ఊళ్ళో ఎవర్ని కదిలించినా ఇదే మాట. ఆస్పత్రికి పోవాలన్నవాళ్ళు, కూరగాయలు పట్నానికి పంపాలన్నవాళ్ళు, అందరూ నన్నే అడుగుతున్నారు, ఏ పూట బండి అని. నేనే ఆఫీసర్నయినట్టు, త్వరలో తెలుస్తుంది అంటున్నాను. నువ్వు మాత్రం ఆ ఒక్క సంగతి రాయడం లేదు.

చెల్లెమ్మ చెల్లెలి గది సంగతి కనుక్కున్నాను. మొన్ననే ఎవరికో అద్దెకి ఇచ్చేశారట. ఆవిడ ఇసుమంతైనా బాధపడలేదు. "మంచిదైంది అన్నయ్యా, పట్నంలో నా టీ ఎవడు తాగుతాడు" అంది.

నీ దగ్గరికి వస్తాను. కానీ బస్సులో రాను. మొదటి బండిలో, మన స్టేషన్‌లో టిక్కెట్టు కొనుక్కుని ఎక్కి వస్తాను. మంచం కొలత సరిగ్గా చూడు, నా కాళ్ళు పొడుగు.

మీ నాన్న

*

మార్చి 9

నాన్నకు,

ఈసారి తిప్పి రాయను. నువ్వు కూర్చుని చదివినా నిలబడి చదివినా ఒకటే.

బండి రాదు. మన స్టేషన్‌కి ఇక ఎప్పుడూ రాదు. లైన్ క్లియర్ అంటే మా సెక్షన్‌లో లైను లేకుండా చేయడం. పట్టాలు ఎత్తడం అంటే ఊడదీసి, ముక్కలు కోసి, పాత ఇనుముకి తీసుకుపోవడం. ఆ నంబర్లు అందుకే వేశారు. క్వార్టరు ఖాళీ చేయమన్నది మాస్టరు కోసం కాదు. ఏ మాస్టరూ రాడు. స్టేషన్‌తోపాటు క్వార్టరు కూడా పడగొడతారు. చరిత్ర అడిగింది ఫైలు మూసేయడానికి.

మొదటి ఉత్తరంలో అలవాటు కొద్దీ రాశాను. రెండోసారి నిజంగానే చెప్పాననుకున్నాను. మూడోసారి మాత్రం నీకు అర్థం కాదేమోనని తెలిసే రాశాను. నేను చెప్పలేనిది ఆ ఫారమైనా చెబుతుందని ఆశపడ్డాను. సెలవు దొరకలేదన్నది కూడా సగం నిజం. గట్టిగా అడిగితే రెండు రోజులు ఇచ్చేవాళ్ళు. నీ ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక అడగలేదు.

ఆ ఆర్డరు టైపు చేసింది కూడా నేనే. నేను కాకపోతే పక్క బల్ల ఆమె చేసేది, అంతే తేడా. ఆపగలిగే చోట నేను లేను నాన్నా. సూపరింటెండెంటు కూడా లేరు. ఎవరున్నారో నాకు తెలియదు.

నన్ను తిట్టు. తిట్టి, బస్సులోనే వచ్చేయి.

అమ్మడు

*

మార్చి 11

అమ్మడికి.

బండి వచ్చింది.

ముందు ఆ మాట రాసి తర్వాత ఊపిరి పీల్చుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి, జంక్షన్ వైపు నుంచి. నాకు కూత వినబడలేదు, పాదాల కింద వణికింది. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాడికి చెవులెందుకు. ఒక ఇంజను, వెనక తలుపులూ గోడలూ లేని ఆరు బల్లపరుపు వ్యాగన్లు, వాటి మీద ముప్ఫై మంది కూలీలు. ప్యాసింజరు కాదు, పనిబండి. అయితేనేం, ఇనుపచక్రాల మీద వచ్చింది.

నేను పాత యూనిఫాం వేసుకున్నాను. పొట్ట దగ్గర గుండీ పట్టలేదు, పిన్ను పెట్టాను. పచ్చజెండా చాచి నిలబడ్డాను. డ్రైవరు నన్ను చూసి, నిజంగా డ్యూటీలో ఉన్నవాడికి ఇచ్చినట్టే చెయ్యెత్తి, కూత వేసి, నెమ్మదిగా ఆపాడు. ఆపాల్సిన పని లేదు తల్లీ. నా కోసం ఆపాడు. దిగివచ్చి, ఇక్కడింకా మనుషులున్నారని మాకు చెప్పలేదు పెద్దాయనా అన్నాడు. ఉన్నాం బాబూ అన్నాను.

ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. చెల్లెమ్మ ముప్ఫై మందికీ టీ పోసింది. రెండు విడతలు కాచింది.

తర్వాత బండి చివరి స్టేషన్ వైపు వెళ్ళింది. పని అక్కడ మొదలుపెట్టారట. అక్కడినుంచి సైకిలు మీద వచ్చినవాళ్ళు, పట్టాలు ఊడదీసి వ్యాగన్ల మీద వేస్తున్నారని చెప్పారు. కొందరికి కంగారు పుట్టింది. ఎత్తుతారని నేనంటే ఊడదీస్తున్నారేమిటని నన్ను నిలేశారు. నేనే సర్దిచెప్పాను. పాతపట్టాలు అరిగిపోయాయి, వాటిని తీయకపోతే కొత్తవి ఎక్కడ వేస్తారు అని. అందరూ నెమ్మదించారు.

నువ్వు పక్కన లేవు, అదొక్కటే లోటు.

మీ నాన్న

*

మార్చి 17

అమ్మడికి, నాన్న రాయునది.

నీ తొమ్మిదో తేదీ ఉత్తరం, నేను బండి వచ్చిందని రాసింది పోస్టులో వేసిన మర్నాడు అందింది. చదివాను. ఎవరి చేతా చదివించలేదు.

నిన్ను తిట్టమన్నావు. ఎందుకు తిడతాను? నువ్వు రాసిన మాటలన్నీ మా మాటలే. లైన్ క్లియర్, పట్టాలు ఎత్తడం, క్వార్టరు ఖాళీ. ముప్ఫై నాలుగేళ్ళు వాటిని ఒక్క అర్థంతోనే వాడాం, రెండోది ఉంటుందని ఎవరూ చెప్పలేదు. పోస్టుమాన్ కింద లైన్లు కూడా చదువుతానన్నాడు, కాగితం లాక్కుంది నేను. అది గుర్తుపెట్టుకో, నీ తప్పు నువ్వు మోసినట్టు నా తప్పు నేను మోయాలి.

బండి రోజూ వస్తోంది. పొద్దున అటు వెళ్తుంది, సాయంత్రం ఊడదీసిన పట్టాలు ఎక్కించుకుని ఇటు వస్తుంది. పోయిన వారం ఎనిమిది మైళ్ళు వెళ్ళేది, ఇవాళ ఐదు మైళ్ళే వెళ్ళింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అంతా తెలిశాక కూడా పాదాల కింద వణుకు తెలియగానే నాకు సంతోషమే వస్తోంది. జెండా పట్టుకుని వెళ్ళి నిలబడుతున్నాను. డ్రైవరు చెయ్యెత్తుతున్నాడు. మనసుని ఏం చేయను తల్లీ, అది నా మాట వినడం లేదు.

నా సంగతి వదిలెయ్యి. మంచం కొలిచావు, వస్తాను. బస్సులోనే వస్తాను. కానీ చెల్లెమ్మకి చెప్పకుండా ఎలా రాను? పట్నంలో గది పోయింది నా మాట నమ్మి. సున్నం కొట్టింది నా మాట నమ్మి. కూలీలకి రోజూ టీ పోస్తూ, మన రోజులు మళ్ళీ వచ్చాయి అన్నయ్యా అంటోంది.

చెప్పలేదని కాదు. మూడుసార్లు చెప్పాను. మొదటిసారి, చెల్లెమ్మా, పట్టాలు తీసుకుపోతున్నారు అన్నాను. "పాతవి తీయకపోతే కొత్తవి ఎక్కడ వేస్తారు, నువ్వే కదా చెప్పావు" అంది. రెండోసారి, క్వార్టరు పడగొడతారట, కాగితం వచ్చింది అన్నాను. మాస్టరుగారికి అంతకంటే మంచిది కడతారు కాబోలు అంది. నా మాటలే, నేను ఊరందరికీ పంచినవే, ఆవిడ నోటినుంచి నాకు తిరిగొస్తున్నాయి. నీకు నా ఉత్తరాలు చదువుతుంటే ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసింది.

మూడోసారి నీలాగే తిప్పకుండా చెప్పాను. నిన్న సాయంత్రం, కొట్టు ముందు నిలబడి. "బండి రాదు చెల్లెమ్మా. ఇక ఎప్పటికీ రాదు." ఆవిడ నావైపు చూసింది. సరిగ్గా అప్పుడే చివరి స్టేషన్ వైపు నుంచి పనిబండి కూత వేసింది. నాకు వినబడలేదు, ఆవిడ మొహం చూసి తెలుసుకున్నాను. నవ్వి, గరిటెతో అటు చూపించి, "అదుగో, నీ రాని బండి" అని, గ్లాసులు సర్దడానికి లోపలికి వెళ్ళింది.

కూలీలు దిగారు. టీ తాగారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది, తాగాను.

వచ్చే వారం శనివారానికి పట్టాలు ఊడదీసేవాళ్ళు మన ప్లాట్‌ఫాం దాకా వస్తారని మేస్త్రి చెప్పాడు. ఆ తర్వాత బండి ఇక్కడిదాకా రాదు. జంక్షన్ వైపే ఎక్కడో ఆగి, అక్కడినుంచే వెనక్కి పోతుంది. కూలీలూ అక్కడే దిగుతారు. ఆవిడ టీ కాచి ఎదురుచూస్తుంది. ఆ రోజు తనంతట తాను తెలుసుకోనీ అని ఊరుకోవచ్చు. అది నా చేత కావడం లేదు.

నువ్వు చదువుకున్నదానివి. రోజంతా కాగితాల మధ్య ఉంటావు. రెండో అర్థం లేని మాట ఒకటి ఎక్కడైనా ఉంటే చూసి, ఆ శనివారం లోపల అందేలా పంపు. పెద్ద అక్షరాలతో రాయి. ఆవిడే చదువుకుంటుంది.

మీ నాన్న